జీలుగువాగు ఎర్రబుగ్గ

నేను ఒక ఎర్రబుగ్గను. మంత్రుల కార్ల నెత్తినెక్కి గిరగిరా తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్లను పక్కకు తప్పుకోమని గద్దించే జాతి మాది. ఈ కాలపు పిల్లలకు నన్ను చూపిస్తే చాక్లెట్ల సీసా మూత అనుకుంటారు. వాళ్లననేదేముంది, మేం రోడ్ల మీద కనబడి చాలా ఏళ్లయింది. మావాళ్లు చాలామంది పాతసామాన్ల కొట్లో చేరి, కరిగి, బకెట్లుగానో మగ్గులుగానో మళ్లీ పుట్టి ఉంటారు.

నా సంగతి వేరు. కారు మీద నేనున్నది మొత్తం కలిపితే అరగంట. అదైనా పొరపాటున. అయినా నా అంత గొప్పగా బతికిన బుగ్గ మా జాతిలో ఇంకోటి లేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు. గర్వమంటారా, అనుకోండి. వెలగడానికే పుట్టినదాన్ని, నాకు వినయం ఎక్కడినుంచి వస్తుంది?

పుట్టింది హైదరాబాదులో, మోటారు సామాన్లమ్మే ఒక సందులో, అజీజ్ భాయ్ దుకాణం వెనకగదిలో. ఎర్రటి ప్లాస్టిక్ టోపీ, దాని కింద చిన్న బల్బు, బల్బు చుట్టూ తిరిగే వంపు అద్దం, అద్దాన్ని తిప్పే బుల్లి మోటారు, అడుగున కారు రేకును కరుచుకునే అయస్కాంతం. ఇంతే నా ఒళ్లు. అజీజ్ భాయ్ ప్రతి బుగ్గనూ బిగించాక బ్యాటరీకి తగిలించి, గదిలో లైటు ఆర్పి, గోడల మీద ఎరుపు ఎలా తిరుగుతుందో చూసేవాడు. నన్ను చూసి "వహ్వా" అన్నాడు. మిగతావాటిని చూసి కూడా అనే ఉంటాడు గానీ నేను వినలేదు.

ఆయనకు మనుషులు బాగా తెలుసు. ఎన్నికల ఫలితాలొచ్చిన వారం మా దుకాణం కిటకిటలాడిపోయేది. "మంత్రుల లిస్టు వచ్చినంక కొనేటోళ్లు పదిమంది. రాకముందే కొని పెట్టుకునేటోళ్లు వందమంది. పాపం, మంత్రులు గాని ఆ తొంభై మంది మా బుగ్గల్ని ఇంట్ల ఏం జేసుకుంటరో" అని నవ్వేవాడు. ఆ తొంభైలో నేనూ ఒకదాన్నవుతానని అప్పటికి నాకు తెలియదు.

ఒక పొద్దున సమ్మయ్య వచ్చాడు. రాచగుట్ట ఎమ్మెల్యే బుర్ర సరోజన గారి డ్రైవరు. డ్రైవరని పేరే గానీ ఫోనెత్తేది, అర్జీలు సర్దేది, వచ్చినవాళ్లకు కుర్చీ వేసేది అన్నీ అతనే. చేతిలో ఆ రోజు పేపరు మడతపెట్టి పట్టుకున్నాడు. అందులో 'మంత్రివర్గంలో వీరికి చోటు?' అన్న శీర్షిక కింద అరచేతిలో పట్టేంత ఫోటోలు పది ఉన్నాయి. ఎనిమిదో ఫోటో సరోజనమ్మది. శీర్షిక చివర ఉన్న ప్రశ్న గుర్తు సమ్మయ్య కంటికి ఆనలేదు. దుకాణంలో ఉన్న బుగ్గలన్నీ వెలిగించి చూసి నన్ను ఎంచుకున్నాడు. చొక్కా విప్పి నాకు చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు.

సరోజనమ్మ రెండోసారి గెలిచిన మనిషి. రాజకీయాల్లోకి రాకముందు నర్సు. మందుల సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పురుళ్లు పోసిన చేతులు ఆమెవి. ఎమ్మెల్యే అయ్యాక కూడా ఎవరైనా చెయ్యి చాస్తే దండం పెట్టేలోపే నాడి పట్టుకునేదట. ఈ ముచ్చట సమ్మయ్య చెప్పాడు. అతను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని నాకు తరవాత తెలిసింది గానీ, ఇది మాత్రం నిజమే.

సాయంత్రం నాలుగింటికి రాజ్‌భవన్‌లో ప్రమాణ స్వీకారం. మంత్రి కాబోయేవాళ్లకు ముందే ఫోనొస్తుంది. ఎమ్మెల్యే క్వార్టర్సులో సరోజనమ్మ ఫోను పొద్దున్నుంచి ఊపిరాడకుండా మోగింది. మోగినవన్నీ అభినందనలే. పేపరు చూసి చుట్టాలు, సర్పంచులు, ఆమె చేతిలో పురుడు పోసుకున్న ఆడవాళ్లు ఒకరి తరవాత ఒకరు. రావలసిన ఒక్క ఫోను మాత్రం రాలేదు. మూడు గంటలకు సమ్మయ్య తన మనసుకు తోచిన కారణం కనిపెట్టాడు.

"అక్కా, మన లైను ఖాళీ ఉంటే గద! వాళ్లు చేసీ చేసీ యాష్టకొచ్చి ఉంటరు. నువ్వు నడువు."

ఎమ్మెల్యేలందరికీ ఎలాగూ పిలుపుంది కాబట్టి సరోజనమ్మ తెల్లచీర కట్టుకుని బయల్దేరింది. నన్ను సీటు కింద దాచిన సంగతి ఆమెకు తెలియదు.

ఆమె లోపలికి వెళ్లగానే సమ్మయ్య ఆగలేకపోయాడు. తెల్ల అంబాసిడర్ నెత్తిన నన్ను పెట్టి, వైరు లోపలికి లాగి, స్విచ్చి వేశాడు. నేను తిరిగాను. ఎండ పడుతున్నా సరే, నా ఎరుపు పక్క కార్ల అద్దాల మీద, చెట్ల మొదళ్ల మీద, తెల్లసున్నం గోడ మీద తిరిగింది. తక్కిన డ్రైవర్లు చుట్టూ చేరి సమ్మయ్య చెయ్యి పట్టుకుని ఊపారు. అతను జేబులోంచి పేడాలు తీసి పంచాడు. ఒక కానిస్టేబులు నాకు సెల్యూట్ కొట్టాడు. సెల్యూట్ కారుకో, నాకో అన్న అనుమానం మీకు రావచ్చు. నాకు రాలేదు.

అరగంటకు జనం బయటికి వచ్చారు. కొత్త మంత్రుల మెళ్లో దండలు, చుట్టూ కెమెరాలు. సరోజనమ్మ ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. కారు ముందు ఆగింది. నా వెలుగు ఆమె తెల్లచీర మీద పడి పోతోంది, పడి పోతోంది.

"ఏందిది సమ్మయ్యా?"

"బుగ్గ... అక్కా."

"ఎవలిది?"

"మనదే."

"బంజెయ్యి."

కెమెరావాళ్లు ఇటు తిరిగేలోపు ఆమె చెయ్యి చాచి నన్ను తనే ఊడదీసింది. ఇంకొకరైతే నేలకేసి కొట్టి ఉండేవాళ్లు. ఆమె కొంగు కప్పి ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. కారు హుస్సేన్ సాగర్ దాటింది. సమ్మయ్య ముక్కు ఎగబీలుస్తూ బండి నడుపుతున్నాడు. అప్పుడామె, "ఊకో. నాగ్గూడ ఆశ ఉండె సమ్మయ్యా. లేదంటే అబద్ధమైతది" అంది. ఆ మాటకు సమ్మయ్య ఏడుపు ఇంకా ఎక్కువైంది. సిగ్గుతో నేను ఆమె కొంగు కింద కదలకుండా ఉన్నాను.

ఆ తరవాత కొన్ని నెలలు కారు డిక్కీలో, జాకీకీ స్టెప్నీ టైరుకూ మధ్య పడి ఉన్నాను. మంత్రి నెత్తినెక్కాల్సినదాన్ని గ్రీజు గుడ్డల్లో పొర్లాను. వానాకాలం వచ్చేదాకా నన్ను తలచుకున్నవాళ్లు లేరు.

రాచగుట్టకు ఆరు మైళ్ల దూరంలో జీలుగువాగు ఉంది. అవతల ఈదులగూడెం, దాని వెనక ఇంకో పదకొండు ఊళ్లు. ఇవతల ఆసుపత్రి, మార్కెట్టు, కాలేజీ. మధ్యలో చప్టా, అంటే వాగులో నేలమట్టంగా పోసిన సిమెంటు దారి. ఎండాకాలం బండ్లు, బస్సులు దాని మీదే పోతాయి. వానలు పడితే దాని మీద మోకాలిలోతు నీళ్లు పారుతుంటాయి. ఆ మాత్రం లోతుకేం భయం, పోవచ్చులే అనిపిస్తుంది. సగం దూరం పోయాక కాళ్లు తేలిపోతాయి. ఏటా ఇద్దరో ముగ్గురో అలా పోయేవాళ్లు.

ఇవతలి ఒడ్డున కొమురవ్వ చాయ్ హోటలుంది. తాటికమ్మల పాక, మట్టిపొయ్యి, రెండు బల్లలు. కొమురవ్వది అసలు ఈదులగూడెం. ఆమె కూతురు స్వరూపకు తొలి కాన్పు కష్టమైతే ఎడ్లబండి మీద వాగు దాకా తెచ్చారు. వెంట వచ్చిన నర్సు సరోజనే. వాగు నిండుగా పారుతోంది. ఆసుపత్రి ఇవతలి ఒడ్డున. పొద్దున్నుంచి నీళ్లు తగ్గుతాయేమోనని కూర్చున్నారు. పొద్దుగూకేలోపు తల్లీ బిడ్డా ఇద్దరూ ఆ ఒడ్డునే పోయారు. నర్సుకు చేతనైందంతా చేసింది, ఏదీ చాలలేదు. ఆ యేడే కొమురవ్వ ఇవతలి ఒడ్డుకు వచ్చి వాగుకు ఎదురుగా పాక వేసుకుంది. మరుసటేడు సరోజన ఉద్యోగం మానేసి సర్పంచిగా నిలబడింది, తరవాత ఎమ్మెల్యేగా. ఓట్లడగడానికి మొదటిసారి వచ్చినప్పుడు కొమురవ్వ ఆమెతో అన్న మాట ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"ఓటు నీకే ఏస్త నర్సమ్మా. గని గీ వాగు మీద బ్రిడ్జి కట్టిచ్చిందాక నా హోటల్ల చాయ్ అడగకు. నేను పొయ్య."

అది కోపమా అంటే కోపం కాదు. మర్చిపోకుండా ఉండడానికి ఆమె వేసుకున్న ముడి. సరోజనమ్మ ఆ దారిన ఎన్నిసార్లు వచ్చినా హోటలు ముందు దిగేది, బల్ల మీద కూర్చునేది, మంచినీళ్లు తాగి పోయేది. కొమురవ్వ కూడా ఆమెను ఎమ్మెల్యే అనలేదు, మేడమనలేదు. నర్సమ్మే.

ఆ వానాకాలం ఒక స్కూటరతను వాగులో పోయాడు. సరోజనమ్మ ఒడ్డున నిలబడి వాగుకేసి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "సమ్మయ్యా, ఆ బుగ్గ ఏడున్నది?" అంది.

"డిక్కీల ఉన్నదక్క."

మరునాటికి ఒడ్డున ఒక ఇనుప పైపు పాతారు. దాని కొసకు రేకు వెల్డింగ్ చేయించి నన్ను బిగించారు. పాత కారు బ్యాటరీ ఒకటి కొమురవ్వ పాకలో పెట్టి, పొయ్యి పక్క గుంజకు స్విచ్చి బిగించారు. చప్టా పక్క రాయి మీద సున్నంతో గీత గీశారు. నీళ్లు గీతనంటితే కొమురవ్వ స్విచ్చి వెయ్యాలి. నేను తిరుగుతున్నంతసేపూ ఎవరూ దాటకూడదు. ఇదీ ఏర్పాటు.

నిజం చెప్తున్నాను, నాకు తల కొట్టేసినట్టయింది. కారు నెత్తిన ఊరేగాల్సినదాన్ని, వాగు గట్టున పైపుకు కట్టేస్తారా? కొంగలు నా పక్కన వాలి ఏం చేశాయో చెప్పను. మొదటి వారమంతా అలిగి ఉన్నాను.

ఆ అలక ఒక మధ్యాహ్నంతో పోయింది. పైన ఎక్కడో కురిసిందేమో, చూస్తుండగానే నీళ్లు గీత దాటాయి. కొమురవ్వ స్విచ్చి వేసింది. నేను తిరగడం మొదలెట్టాను. ఎదురుగా ఈదులగూడెం వైపు నుంచి పెళ్లివాళ్ల ట్రాక్టరు దిగుతోంది. డ్రైవరు నన్ను చూసి సడన్‌గా బ్రేకు వేశాడు. మంత్రిగారెవరో వస్తున్నారనుకున్నాడట, రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపి నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో చప్టా మీదుగా ఒక తాటిమొద్దు అడ్డంగా కొట్టుకుపోయింది. ట్రాక్టరు అక్కడ ఉండాల్సింది. అందులో ముప్పై మంది, పెళ్లికూతురు, చంకల్లో పిల్లలు. సాయంత్రం నీళ్లు తగ్గాక దాటి వచ్చి వాళ్లు నా కింద పైపుకు పసుపు రాసి పోయారు. ఏ మంత్రి బుగ్గకైనా ఆ మర్యాద దక్కిందేమో చెప్పండి.

అది మొదలు ఆ వాగులో మనిషి పోలేదు. నేనున్నన్ని వానాకాలాలూ ఒక్క మనిషి పోలేదు. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెప్తాను.

అయినా నేను బ్రిడ్జిని కాను కదా. ఆపగలను గానీ దాటించలేను. నీళ్లు పారితే ఒకపూట, ముసురు పడితే మూడు రోజులు, అవతలివాళ్లు అవతలే. సరోజనమ్మకు ఇది నాకంటే ఎక్కువ తెలుసు. అసెంబ్లీ కూడినప్పుడల్లా జీలుగువాగు బ్రిడ్జి మీద ప్రశ్న వేసేది. సభలో ఏం జరిగిందో సమ్మయ్య పేపరు తెచ్చి హోటల్లో చదివేవాడు. ప్రతిసారీ ఒకటే జవాబు, 'ప్రతిపాదన పరిశీలనలో ఉంది.'

"పరిశీలన అంటే ఏందిరా?" అని అడిగింది కొమురవ్వ ఒకసారి.

"చూస్తున్నరన్నట్టు, అవ్వా."

"వాగు గీడ్నే ఉన్నది గద. అచ్చి చూడరాదా?"

ఐదేళ్లు గడిచాయి. మళ్లీ ఎన్నికలు. సరోజనమ్మ మూడోసారి గెలిచింది, ఆమె పార్టీ ఓడిపోయింది. నెల తిరక్కుండానే అధికార పార్టీ నుంచి కబురొచ్చింది, మావైపు రండి, మంత్రి పదవి ఇస్తాం అని. నాకీ సంగతి ఎలా తెలిసిందంటే, సమ్మయ్య కటింగ్ ప్లయరు పట్టుకుని, నిచ్చెనేసుకుని నా దగ్గరికి ఎక్కాడు. నా టోపీ మీది దుమ్ము చొక్కాతో తుడిచాడు. కిందినుంచి కొమురవ్వ కేకేసింది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"తీస్కపోతున్న అవ్వా. ఈసారి పేపర్ల గాదు, మనిషే ఇంటికచ్చి చెప్పిపోయిండు. అక్క మంత్రి అయితది."

ఇంతలో సరోజనమ్మ కారు దిగింది. సమ్మయ్య నిచ్చెన మీద, ప్లయరు నా మెడ దగ్గర. కొమురవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి ఆమెకెదురొచ్చింది. నేను ఆమె నోట వద్దన్న మాటే వస్తుందనుకున్నాను.

"పో నర్సమ్మా. బ్రిడ్జి అస్తదంటే పో. ఎవలేమన్న అననియ్యి. నేనైతే ఏమనను."

సరోజనమ్మ బల్ల మీద కూలబడింది. ఆమె మొహం చూస్తే తెలుస్తోంది, రాత్రంతా ఇదే ఆలోచించిందని.

"పశువుల శాఖ ఇస్తరట. ఇచ్చిండ్లే అనుకో. మంత్రి అయినోళ్లు సభల ప్రశ్న అడగరాదు కొమురవ్వా. జవాబు చెప్పుడే. రోడ్ల మంత్రి పక్కపొంటి కూసుంట, ఆయన పరిశీలనల ఉన్నదంటే నేను గూడ బల్ల చరచాలె. అడిగే నోరు ఇచ్చేసి బుగ్గ తెచ్చుకున్నట్టయితది. బ్రిడ్జి రాకపోతే అప్పుడు నీ ముంగటికి ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

కొమురవ్వ లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సమ్మయ్య నిచ్చెన దిగాడు. ఆ రోజు అతని నడక చూసి నాకే జాలేసింది. నాకు మాత్రం, ఎందుకు దాచాలి, బతుకులో మొదటిసారి కారు ఎక్కనందుకు సంతోషమనిపించింది.

తరవాతి వానాకాలం రోడ్ల మంత్రి వచ్చాడు. ఈదులగూడెంలో హాస్టలు భవనానికి ప్రారంభోత్సవం. పిలిచింది సరోజనమ్మే. ఎండాకాలమంతా ఆగి సరిగ్గా శ్రావణంలో ముహూర్తం ఎందుకు పెట్టించిందో మంత్రిగారు ఆలోచించలేదు. ముందు ఎస్సై జీపు, వెనక మంత్రి కారు, ఆ వెనక పది బండ్లు. స్థానిక ఎమ్మెల్యే కాబట్టి సరోజనమ్మ కూడా ఆ వరసలో ఉంది. మంత్రి కారు నెత్తిన నా తమ్ముడొకడు తళతళా తిరుగుతూ వచ్చాడు. సరిగ్గా అప్పుడే నీళ్లు గీతనంటాయి. కొమురవ్వ స్విచ్చి వేసింది.

ఆ దృశ్యం మీరు చూడాల్సింది. తుప్పుపట్టిన పైపు మీద నేను, మెరిసే కారు మీద వాడు. ఇద్దరం ఎదురెదురుగా తిరుగుతున్నాం. ఎస్సై జీపు దిగి అరిచాడు.

"ఏయ్ అవ్వా, బంజెయ్ దాన్ని! మంత్రిగారు పోవాలె."

"ఎర్రలైటు ఎలిగినంక ఎవలైనా ఆగుడే. మంత్రి అయితే నీళ్లు జరుగుతయా?"

ఎస్సై చప్టాకేసి చూశాడు, మళ్లీ గీతకేసి చూశాడు. వెనక్కి వచ్చి మంత్రితో ఏదో చెప్పాడు. రెండు గంటలు. రోడ్ల మంత్రి కొమురవ్వ బల్ల మీద రెండు గంటలు కూర్చుని మూడు చాయ్‌లు తాగాడు. అవతలి ఒడ్డున ఊళ్లకు ఊళ్లు దండలు పట్టుకుని తడుస్తూ నిలబడ్డాయి. పక్కనే సరోజనమ్మ మంచినీళ్ల చెంబు పట్టుకుని కూర్చుంది.

"మీరు చాయ్ తీసుకోరామ్మా?" అని మంత్రి మర్యాదకు అడిగాడు.

"నాకు ఇయ్యదు సార్" అంది సరోజనమ్మ. ఎందుకివ్వదో కొమురవ్వే చెప్పింది. స్వరూప పేరు, బండి నిలబడిన చోటు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న తుమ్మచెట్టు అన్నీ చూపించి చెప్పింది. మంత్రి చేతిలో చాయ్ చల్లారిపోయింది.

తరవాతి సమావేశాల్లో సరోజనమ్మ అదే ప్రశ్న వేసింది. ఈసారి మంత్రి పరిశీలన మాట ఎత్తలేదు. 'వచ్చే వానాకాలంలోపు పని మొదలుపెడతాం' అన్నాడు. ఆమె కూర్చోలేదట. "అధ్యక్షా, ఈ మాటను హామీగా రాసుకోవాలె" అని రాయించేదాకా నిలబడే ఉందట. సభలో మంత్రులిచ్చిన మాటలు రాసిపెట్టి, అవి నెరవేరాయా లేదా అని వెంటపడే కమిటీ ఒకటుంది. హామీల కమిటీ అంటారు. దానికి బుగ్గలుండవు, సైరన్లుండవు. అందులోకి అడిగి వెళ్లేవాళ్లు తక్కువ. సరోజనమ్మ అడిగి వెళ్లింది. మూడేళ్లపాటు ఇంజనీర్లను నిద్రపోనివ్వలేదు. టెండరు ఆగితే కమిటీ, సిమెంటు ఆగితే కమిటీ. వాగులో స్తంభాలు లేవడం నేను నా కళ్లతో చూశాను. ఒక్కో స్తంభం నా ఎత్తు దాటి పోతుంటే అసూయ పడాల్సింది, పడలేదు.

బ్రిడ్జికి రెయిలింగు బిగించడం ఒక్కటే మిగిలి ఉండగా ఎన్నికలొచ్చాయి. సరోజనమ్మ ఓడిపోయింది. పదిహేనేళ్లు చూశాం, ఇంకొకరిని చూద్దామనుకున్నారు జనం. అంతకుమించి కారణమేం లేదు. ఆ జనంలో నేను ఆపి బతికించినవాళ్లు ఎంతమందో! మనుషుల మీద కోపం తెచ్చుకుని లాభం లేదని ఆ వారం నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు ఎండ పెటపెటలాడుతోంది. వాగులో పాదం మునిగేంత నీళ్లు లేవు. బ్రిడ్జి మొదట్లో రిబ్బను కట్టారు, పక్కన శిలాఫలకం. కొత్త మంత్రి పేరు, కొత్త ఎమ్మెల్యే పేరు, ఇంజనీర్ల పేర్లు. సరోజనమ్మ బస్సు దిగి జనం వెనక నిలబడింది. సమ్మయ్య ఫలకం రెండుసార్లు చదివి వచ్చి, "నీ పేరు లేదక్కా" అన్నాడు.

"ఎందుకుంటది? నేనిప్పుడు ఎమ్మెల్యేను గాను గద" అంది ఆమె మామూలుగా.

దూరంగా కాన్వాయ్ దుమ్ము లేచింది. అప్పుడు కొమురవ్వ లేచి, గుంజ దగ్గరికి పోయి, నా స్విచ్చి వేసింది.

నాకు అర్థం కాలేదు. గీత రాయి ఎండలో మాడుతోంది. అయినా వేశాక తిరగాలి కదా, తిరిగాను. ముందు జీపులో ఉన్నది ఆనాటి ఎస్సైయే, ఇప్పుడు పెద్ద ఆఫీసరు. నన్ను చూడగానే డ్రైవరు బ్రేకు వేశాడు. ఇన్నేళ్ల అలవాటు. వెనక కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి.

"నీళ్లేడున్నయ్ అవ్వా?" అని అరిచాడు ఆయన.

"ఉన్నయి. జర్రసేపట్ల పోతయి. ఆగు" అంది కొమురవ్వ. జనంలోకి పోయి సరోజనమ్మ మణికట్టు పట్టుకుంది. "పా, నర్సమ్మా."

"వద్దు కొమురవ్వా. పద్ధతి గాదు."

"ఆనాడు మనల్ని ఏ పద్ధతి ఒడ్డుకు చేర్చింది? పా."

రిబ్బను దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు కిందికి వంగి బూటులేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ రిబ్బను తెంపలేదు, ముట్టుకోలేదు. తలలు వంచి దాని కిందనుంచి వెళ్లారు. ఖాళీ బ్రిడ్జి మీద ఒక ముసలమ్మ, ఒక ఓడిపోయిన ఎమ్మెల్యే. అవతలి ఒడ్డుకు చేరి, ఎక్కడైతే ఎడ్లబండి ఆగిందో ఆ తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డారు. అక్కణ్నుంచి వెనక్కి తిరిగి ఇవతలికి, ఆసుపత్రి వైపుకు నడిచారు. ఆనాడు చెయ్యలేకపోయిన ప్రయాణం అదే. పదిహేను కార్లు, ముగ్గురు పెద్దమనుషులు ఎండలో ఆగి చూస్తున్నారు. ఒక్క హారను మోగలేదు. రిబ్బను దాటి ఇవతల అడుగుపెట్టాక కొమురవ్వ ఒక్కటే మాట అంది.

"అచ్చినం, నర్సమ్మా."

సరోజనమ్మ అందరి ముందూ భోరున ఏడ్చింది. సమ్మయ్య సంగతి చెప్పనక్కర్లేదు. నేను తిరుగుతూనే ఉన్నాను. ఒక్క మనిషి పోతుంటే మిగతావాళ్లందరినీ ఆపడానికి అజీజ్ భాయ్ నన్ను చేశాడు. ఆ పని నేను నా జన్మలో ఒక్కసారి చేశాను, ఆ రోజు చేశాను. చేయాల్సిన మనిషికే చేశాను.

కొమురవ్వ పాకలోకి పోయి స్విచ్చి ఆర్పింది. కార్లు కదిలాయి, రిబ్బను తెంపారు, చప్పట్లు కొట్టారు. ఆ గోలలో మట్టిపొయ్యి మీద గిన్నె పొంగింది. కొమురవ్వ గాజుగ్లాసు రెండుసార్లు కడిగి, నిండా పోసి, బల్ల మీద పెట్టింది.

"తాగు. చక్కెర తక్కువైతే చెప్పు."

ఎక్కువే అయింది. సరోజనమ్మ చెప్పలేదు, చివరి చుక్క దాకా తాగింది.

ఇప్పుడు నేను ఆ హోటల్లోనే, బిస్కెట్ల సీసాల పక్కన షెల్ఫు మీద ఉన్నాను. కార్ల మీద ఎర్రబుగ్గలు తీసెయ్యాలని ఉత్తర్వు వచ్చినరోజు సమ్మయ్య పేపరు చదివి వినిపించాడు. కొమురవ్వ వెంటనే నన్ను చెంగుతో తుడిచి ఇంకొంచెం ముందుకు జరిపింది. వారానికోసారి సరోజనమ్మ వస్తుంది. జుట్టంతా తెల్లబడింది. నా కిందే కూర్చుని చాయ్ తాగుతుంది. బ్రిడ్జి మీద వానలో బస్సులు ఆగకుండా పోతుంటాయి. అప్పుడప్పుడు ఎవరో ఒక ప్రయాణికుడు నన్ను చూసి, "ఇది ఏ మంత్రిదవ్వా?" అని అడుగుతాడు.

"మంత్రిది గాదు, మా నర్సమ్మది" అంటుంది కొమురవ్వ.